తలుపులున్న బండి

జాకబ్ ఆ బండి చుట్టూ ఏడుసార్లు తిరిగాడు. ఎనిమిదోసారి తిరగబోతుంటే బావమరిది చిన్నప్పకు ఓపిక నశించింది.

"ప్రదక్షిణలు చాల్లే బావా. ఎక్కి కూసో," అన్నాడు.

అనంతపురం ఊరి చివర, రేకులు అడ్డం పెట్టిన ఒక ఖాళీ స్థలంలో పాత బండ్లు వరసగా ఎండుతున్నాయి. వాటి మధ్య ఆ తెల్ల డబల్ క్యాబిన్ బండి. ముందు ఇద్దరు, వెనక ముగ్గురు కూర్చునే గది, దాని వెనక సామాన్లకు తొట్టి. గదికి నాలుగు తలుపులు. మామూలుగా బండి కొనేవాడు టైర్లు చూస్తాడు, కిలోమీటర్లు చూస్తాడు. జాకబ్ మాత్రం వెనక తలుపు తీయడం, వేయడం, మళ్లీ తీయడం. తలుపు పడ్డప్పుడల్లా ఆ బరువైన చప్పుడు విని, ఇంకోసారి వేసి చూడటం.

దానికి కారణం ఉంది. జాకబ్ పని బోర్లలో చెడిపోయిన మోటార్లను పైకెత్తడం. కంబదూరు చుట్టుపక్కల పల్లెల్లో ఏ బోరు మొరాయించినా ముందు దేవుడికి మొక్కుకుంటారు, తర్వాత జాకబ్‌కు ఫోన్ చేస్తారు. ఆరేడు వందల అడుగుల లోతు నుంచి ఒక్కో పైపే విప్పుకుంటూ మోటారును బయటికి లాగాలి. మూడు కాళ్ల స్టాండు, చైన్లు, పానాలు మోయడానికి ఇన్నాళ్లూ లగేజీ ఆటో బాడుగకు పెట్టుకునేవాడు. ఇంటిల్లిపాదీ ఎక్కడికైనా పోవాలన్నా అదే ఆటో, అదే తొట్టి. పోయిన ఏడాది కళ్యాణదుర్గంలో పెళ్లికి పోతుంటే, ఊరి ముందర ఎవడో రాత్రికి రాత్రి వేసిన స్పీడ్ బ్రేకరు మీద ఆటో ఎగిరింది. ఎనిమిదేళ్ల కూతురు జాయ్ తొట్టిలోంచి ఎగిరి రోడ్డు మీద పడింది. జాకబ్ ముందు డ్రైవరు పక్కన కూర్చుని కబుర్లు చెబుతున్నాడు. బిడ్డ పడటం అతను చూడలేదు. భార్య ఎలిజబెత్ కేక మాత్రమే విన్నాడు. ఆ కేక ఇప్పటికీ అతని చెవిలోంచి పోలేదు.

జాయ్ ఎడమ చేతికి ప్లేటు వేశారు. ఆసుపత్రి వరండాలో ఎలిజబెత్ ఏడవలేదు, తిట్టలేదు. "ఇంక నా బిడ్డ తలుపుల్లేని బండి ఎక్కదు మామా. నడిచన్నా పోతాది గానీ ఎక్కదు," అంది. అంతే. ఆ మాట మీద జాకబ్ పద్నాలుగు నెలలు పనిచేశాడు.

కాబట్టి ఆ రోజు అతని కంటికి తలుపులు తప్ప ఇంకేమీ ఆనకపోవడంలో వింత లేదు. అలాగని మరీ గుడ్డిగా కొన్నాడని అనడానికీ లేదు. ఇంజను నడిపించి, స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజనుకూ ఒక కొస చెవికీ ఆనించి కళ్లు మూసుకున్నాడు. భూమిలో ఉన్న మోటారు రోగం పైపుకు చెవి పెట్టి చెప్పగలడని అతనికి ఆ పక్క పేరుంది. ఇంజనులో ఏ దోషమూ వినిపించలేదు. రేడియేటరులో వేలు పెట్టాడు. సీట్ల కింద ఎర్ర దుమ్ము ఉందేమోనని చూశాడు. దుమ్ము లేదు. ఆర్‌సీలో కోస్తా పక్క అడ్రసుంటే, అక్కడి రోడ్లు బాగుంటాయి, బండి నలిగి ఉండదని సంతోషపడ్డాడు కూడా.

తర్వాత లోపల కూర్చుని తలుపు వేసుకున్నాడు. అద్దం ముందు వేలాడుతున్న సెంటుబిళ్ల ఘాటు కింద నుంచి ఇంకో వాసన వచ్చింది. తడిమట్టి వాసన. పైపులన్నీ లాగాక, మోటారు నోట్లోంచి గుప్పున వచ్చే చల్లటి వాసన. జాకబ్ ప్రాణం లేచొచ్చింది.

బండ్లు అమ్మే వేణుగోపాల్ కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఏమన్నా, ముందు దీన్ని పెట్టుకున్నాయన బోర్ల పని చేసేటోడా?" అని అడిగాడు జాకబ్.

వేణుగోపాల్ ఒక్క క్షణం జాకబ్ మొహంలోకి చూశాడు. "ఆ... అవునన్నా. అదే పని. యట్ల కనుక్కుంటివి?"

"వాసన పట్టినాలే," అన్నాడు జాకబ్ గర్వంగా. చూశారా, అబద్ధం కూడా అవతలివాడికి శ్రమ లేకుండా తనే వండి వడ్డించాడు. నీళ్లలో మునిగిన బండ్లు ఉంటాయని, వాటిని కడిగి, తుడిచి, ఎండ ఊళ్లలో అమ్ముతారని ఆ పక్కన పుట్టినవాడికి ఎవరు చెప్పాలి? జాయ్ పుట్టిన తర్వాత వాళ్ల ఊరి చెరువు నిండటం ఒక్కసారి చూశాడు జాకబ్. ఆ రోజు బడికి సెలవిచ్చారు.

బయానా ఇచ్చేశాడు. వారం తిరక్కుండా బండి ఇంటికి వచ్చింది.

ఎలిజబెత్ ఇంటి ముందు నిలబెట్టిన బండిని చూసి, "బాగుండాది. ఎందుకమ్మినారో అడిగినావా?" అంది.

"బండి అన్నాక అమ్ముతారు, కొంటారు. దానికి కారణమేముంటాది?"

ఆ ప్రశ్న జాకబ్ అడగలేదు. అడగలేదన్న సంగతి అప్పుడే, ఆమె నోట విన్నాకే తట్టింది. పాస్టరు వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. పక్కింటి అక్కమ్మ నాలుగు నిమ్మకాయలు పట్టుకొచ్చి, "మీ యేసయ్య చూసుకుంటాడులే గానీ, నాలుగు నిమ్మకాయలకేం పోతాది?" అని చక్రాల కింద పెట్టింది. జాకబ్ కాదనలేదు. ఆ రోజు ఎవరు ఏ దేవుడి పేరు చెప్పి వచ్చినా కాదనే స్థితిలో లేడు.

జాయ్ మాత్రం వెనక సీట్లో రాణిలా కూర్చుంది. దిగమంటే దిగలేదు, అన్నం కూడా అందులోకే తెప్పించుకుంది. కదిలే బండిలో తలుపు తీస్తుందేమోనని జాకబ్ వెనక తలుపులకు పిల్లల లాకు వేశాడు. అది వేస్తే లోపల్నుంచి ఎంత లాగినా తలుపు రాదు, బయటి నుంచి ఎవరైనా తీయాలి. వేశాక నాలుగుసార్లు లాగి చూసుకున్నాడు. ఆ పూట హాయిగా నిద్రపోయాడు.

నాలుగో రోజు, చుక్క మబ్బు లేని మధ్యాహ్నం, టీకొట్టు ముందు ఆపి ఉన్న బండికి వైపర్లు వాటంతటవే కదలడం మొదలుపెట్టాయి. పొడి అద్దాన్ని కీచుమంటూ అటూ ఇటూ తుడుస్తున్నాయి. టీకొట్టు ఎర్రప్ప గ్లాసు కింద పెట్టి మరీ నవ్వాడు.

"ఏమప్పా జాకబూ, మీ బండికి వాన కనపడతాండాదా? మాకు జెప్పకుండా యాడ కురిపిస్తాండావు?"

అందరూ నవ్వారు. జాకబ్ కూడా నవ్వాడు గానీ అది పెదవుల మీది నవ్వు. ఆ మర్నాడు ఎవరూ ముట్టుకోకుండా హారన్ మోగింది. ఇంకో రోజు లోపలి లైటు ఆరనంది. కళ్యాణదుర్గంలో ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకుపోతే, డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి, "ఎలకలు కొరికింటాయన్నా," అని టేపు చుట్టి పంపాడు. చిన్నప్ప, "దుమ్ము బావా, దుమ్ము పోయింటాది లోపలికి," అన్నాడు. ఎర్రప్ప ఎండ అన్నాడు. ఎలకలు, దుమ్ము, ఎండ: ఆ పక్క వస్తువులు చెడిపోయేది ఈ మూడింటితోనే. నాలుగోది ఎవరి నోటా రాలేదు.

జాకబ్‌కు మాత్రం మనసు మనసులో లేదు. బోరు దగ్గర చైను లాగుతూ కూడా చెవి బండి వైపే. రోజూ పొద్దున తాళం తిప్పేముందు వైపర్ల వైపు ఒకసారి చూసుకునేవాడు. ఎలిజబెత్‌కు చెప్పలేదు. ఎట్లా చెబుతాడు? ఆమె ఆ బండి వెనక సీటుకు తన పెళ్లినాటి దుప్పటి కత్తిరించి గుడ్డ కుట్టింది.

మే నెల రెండో వారంలో జాయ్ చేతి ప్లేటు తీయడానికి అనంతపురం రమ్మన్నారు. పొద్దున తొమ్మిదికే ఎండ చుర్రుమంటోంది. ముందు జాకబ్, ఎలిజబెత్. వెనక జాయ్ ఒక్కతే, ఒడిలో పలక, పక్కన నీళ్ల సీసా. ఏసీ వేశారు. కంబదూరు దాటారు. గుట్టల మీద గాలిమరలు తిరగకుండా నిలబడి ఉన్నాయి. కిందంతా దుక్కి చేసి వానకోసం వదిలేసిన ఎర్ర చేలు.

జాయ్‌కు తోచక సీటు బెల్టుతో ఆడుకుంటోంది. లాగడం, వదలడం. చివరిదాకా లాగింది.

"నాయనా, బెల్టుకు మీసమొచ్చింది!"

"ఏం మీసమే?"

"నల్లగుండాది. మన్ను."

జాకబ్ చెయ్యి వెనక్కి చాపాడు. జాయ్ బెల్టు కొస అందించింది. ఎప్పుడూ లోపలే చుట్టుకుని ఉండే ఆ కొస మీద నల్లటి మట్టి అట్టకట్టింది. ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, రెండో చేతి వేళ్ల మధ్య ఆ మట్టిని నలిపాడు. వేళ్లు ఆగిపోయాయి. బండిని రోడ్డు పక్కకు తీసి ఆపాడు, ఇంజను కూడా ఆపేశాడు.

ఇది బోరు మట్టి కాదు. బోరు మట్టి రాతిపొడి. వేళ్ల మధ్య గరగరమంటుంది, తెల్లగా ఉంటుంది. ఇరవై ఏళ్లుగా తన గోళ్లలో ఉన్న మట్టి అతనికి తెలియదా? ఇది మెత్తగా, పిండిలా, నూనె రాసినట్టు జారుతోంది. నిలవ నీళ్ల అడుగున పేరుకునే ఒండ్రు. జాకబ్ వెనక్కి తిరిగి చూశాడు. బెల్టు బయటికొచ్చే చోటు సరిగ్గా జాయ్ మెడ దగ్గర ఉంది. నీళ్లు అక్కడిదాకా వచ్చాయన్నమాట.

"ఏమైంది మామా? మొగమట్ల పెట్టినావు?" అంది ఎలిజబెత్.

"మునిగింది."

"ఏంది మునిగింది?"

"బండి. ఈ బండి నీళ్లల్ల మునిగింది ఎలిజబెత్."

ఎలిజబెత్‌కు అర్థం కాలేదు. చుట్టూ చూసింది. కనుచూపు మేర నీళ్లన్న మాటే లేదు. జాకబ్ వంగి కాళ్ల కింది మ్యాటు పీకాడు. దాని కింద అదే నల్లమట్టి, చెక్కలు చెక్కలుగా. అందులోంచి పైకి లేచిన వైర్ల కట్ట, పచ్చగా చిలుం పట్టి. చుట్టిన టేపు కరిగి కారుతోంది. కాలిన వాసన. మోటారు వైండింగు కాలితే వచ్చే వాసన.

"నీళ్లు తీస్కరా, తొట్టిలో క్యాను," అంటూ జాకబ్ లోపలి మీట లాగి, బానెట్ ఎత్తడానికి కిందికి దూకాడు. ఎలిజబెత్ రెండో వైపు దిగి, వేడిగాలి బిడ్డకు కొట్టకూడదని తలుపు వేసింది. జాకబ్ తలుపు గాలికి అదే పడింది.

టక్.

నాలుగు తలుపులూ ఒకేసారి లాకయ్యాయి. తాళంచెవి లోపల. జాయ్ లోపల.

మొదట ఎలిజబెత్ తలుపు లాగింది. తర్వాత జాకబ్ లాగాడు. తర్వాత ఇద్దరూ నాలుగు తలుపులూ లాగారు. డ్యాష్‌బోర్డు కింద నుంచి సన్నటి పొగ దారంలా లేచింది. జాయ్ ఇంకా బెల్టు పట్టుకునే ఉంది, అమ్మానాన్నల ఆటేమిటో అర్థం కాక చూస్తోంది. దారం కాస్తా తాడంత అయింది.

ఇరవై ఏళ్ల అలవాటు జాకబ్ చేతుల్లో ఉంది: కాలుతున్నదేదైనా ముందు కరెంటు తీయాలి. బానెట్ ఎత్తి, చేత్తోనే బ్యాటరీ వైరు పెరికేశాడు. అరచెయ్యి చీరుకుపోయింది. పొగ పెరగడం ఆగింది, పోవడం మాత్రం పోలేదు. పోయే దారేది? అద్దాలన్నీ మూసి ఉన్నాయి. జాయ్ దగ్గింది. అప్పుడు పిల్లకు భయం తెలిసింది.

"నాయనా, తలుపు తీ!"

"ముందుకు రా తల్లీ! ముందు సీట్లోకి రా! కిటికీ కింద పొడుగు లాకు గుండీ ఉండాది చూడు, పైకి లాగు!"

జాయ్ సీట్ల మధ్య నుంచి పాక్కుంటూ వచ్చింది. కుడి చేత్తో గుండీ పట్టుకుని లాగింది. రాలేదు. ప్లేటు ఉన్న ఎడమ చేత్తో కూడా పట్టుకుని లాగింది. తుప్పు పట్టిన గుండీ ఇంచు కూడా కదల్లేదు. వెనక తలుపులకు తను స్వయంగా వేసిన లాకు గుర్తొచ్చింది జాకబ్‌కు. నాలుగుసార్లు లాగి చూసుకుని హాయిగా నిద్రపోయిన లాకు.

"మామా, పగలగొట్టు!" ఎలిజబెత్ అద్దాన్ని రెండు చేతులా చరుస్తోంది. "పగలగొట్టు, ఏం జూస్తాండావు!"

తొట్టిలోంచి పైపు పానా తీశాడు. మూడడుగుల ఇనుము. "జాయ్, అమ్మ పక్కకు పో. కిందికి వంగు. వెనక సీటు మీది దుప్పటి గుడ్డ పీకి తలమీద కప్పుకో. కండ్లు మూసుకో."

"నాయనా, దగ్గొస్తాంది..."

"మూసుకో!"

మొదటి దెబ్బ జారిపోయింది. అద్దం మీద గీత కూడా పడలేదు. జాకబ్ ప్రార్థన చేశాడో, బండిని అమ్మినవాడి వంశాన్ని తిట్టాడో అతనికే తెలియదు, నోరు మాత్రం ఆడుతూనే ఉంది. రెండో దెబ్బకు అద్దం జొన్నగింజల్లా రాలింది. పొగ అతని మొహం మీదికి వచ్చింది. చెయ్యి పెట్టి గుడ్డమూటలా ఉన్న బిడ్డను కిటికీలోంచి బయటికి లాగాడు. ఎలిజబెత్ అందుకుని, రోడ్డు పక్కన కూలబడి, క్యానులో నీళ్లు బిడ్డ మొహం మీద కుమ్మరించింది.

జాయ్ దగ్గింది, వాంతి చేసుకుంది, మళ్లీ దగ్గింది. జుట్టునిండా గాజుముక్కలు. జాకబ్ పక్కనే మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కో ముక్కే ఏరి పక్కన పెట్టసాగాడు.

ఎలిజబెత్ అంది: "దినామూ నీళ్లల్లోని మోటార్లే గదా ఎత్తేది నువ్వు. వాసన తెలియలేదా మామా?"

"తెలిసింది," అన్నాడు జాకబ్. "తెలిసే కొన్న్యా. మన పని వాసన అనుకుంట్యా. ఈడ నీళ్లు యాడుండాయి అనుమానపడేదానికి?"

వేణుగోపాల్‌కు ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. చిన్నప్పకు చేస్తే ఏదో బోరు దగ్గర ఉన్నాడు, ట్రాక్టరు తీసుకుని రావడానికి మధ్యాహ్నం అవుతుందన్నాడు. బస్సు రావడానికి ఇంకా గంటన్నర. జాయ్ దగ్గు ఆగడం లేదు, దగ్గినప్పుడల్లా ఛాతీలో ఈల వేసినట్టు చప్పుడు. అనంతపురం మాట తర్వాత, ముందు కళ్యాణదుర్గంలో ఎవరో ఒక డాక్టరుకు చూపించాలి.

దూరంగా ఒక బండి కనిపించింది. దగ్గరికి వచ్చేదాకా జాకబ్ అది బస్సో కారో కావాలని కోరుకున్నాడు. అది లగేజీ ఆటో. కంబదూరు తిప్పేష్‌ది, ఖాళీ టమోటా బాక్సులు వేసుకుని పోతోంది. ముందు తిప్పేష్ పక్కన అతని తల్లి, ఆమె ఒడిలో పసిబిడ్డ. ఇంకొకరికి చోటు లేదు.

"ఏమైందన్నా? ఎక్కండి, ఎక్కండి. బాక్సులు పక్కకు జరుపుకోండి," అన్నాడు తిప్పేష్.

వెనక తొట్టికి తలుపు లేదు. దాని రేకు ఎప్పుడో ఊడిపోయినట్టుంది, రెండు పక్కలా కొక్కేలు మాత్రం మిగిలాయి.

జాకబ్ భార్య మొహం వైపు చూడలేకపోయాడు. తిడుతుందనుకున్నాడు. ఆసుపత్రి వరండాలో అన్న మాట ఎత్తుతుందనుకున్నాడు. ఎత్తినా బాగుండేది. ఎలిజబెత్ తొట్టి వైపు చూసింది, బిడ్డ వైపు చూసింది, చీర కుచ్చెళ్లు దోపుకుని తనే ముందు ఎక్కింది. "బిడ్డనియ్యి," అని చేతులు చాపింది.

జాయ్‌ను అందించాడు. ఎలిజబెత్ ముందు రేకుకు ఆనుకుని కూర్చుని, బిడ్డను ఒడిలో పెట్టుకుని, రెండు చేతులూ చుట్టూ వేసి బిగించింది. జాకబ్ ఒక్కసారి తెల్లబండి వైపు తిరిగి చూశాడు. పగిలిన కిటికీలోంచి పొగ ఇంకా కొద్దికొద్దిగా వస్తోంది. బానెట్ ఎత్తే ఉంది, వేయాలని కూడా అనిపించలేదు.

తొట్టి ఎక్కి, తలుపు ఉండాల్సిన ఖాళీలో అడ్డంగా కూర్చున్నాడు. వీపు ఒక కొక్కేనికి ఆనించి, పాదాలు రెండో కొక్కేనికి తన్నిపెట్టాడు. ఆటో కదిలింది. టమోటా బాక్సులు గలగలమన్నాయి.

కళ్యాణదుర్గం ఇళ్లు కనబడేసరికి జాయ్ తల ఎత్తింది. దగ్గుతూనే అమ్మ చేతుల్లోంచి కుడి చెయ్యి బయటికి లాక్కుని, ముందుకు వంగి, జాకబ్ చొక్కా కొసను పిడికిట్లో పట్టుకుంది.

"నాయనా, గట్టిగ పట్టుకో. ముందర స్పీడ్ బ్రేకరుండాది. నువ్వు పడిపోతావు."

జాకబ్ రెండు చేతులతో తొట్టి అంచు పట్టుకున్నాడు.